నొవాక్: కొత్తగా వచ్చినవాడు ఇంటిపేరైన తీరు

అందరికీ నమస్కారం.

నొవాక్ అనగానే మనలో చాలామందికి టెన్నిస్ ఆటగాడు జకోవిచ్ గుర్తొస్తాడు. ముందు ఆ ముడి విప్పుదాం. ఆయనకు నొవాక్ అన్నది పెట్టిన పేరు, జకోవిచ్ ఇంటిపేరు. సెర్బుల్లో మగపిల్లలకు నొవాక్ అని పేరు పెట్టుకోవడం వందల ఏళ్ల నాటి అలవాటు. అక్కడ ఇంటిపేరు కావాలంటే చివర 'ఒవిచ్' చేరి నొవాకొవిచ్ అవుతుంది, అంటే నొవాక్ అనే ఆయన సంతతివాడని. మనం ఈ రోజు మాట్లాడుకునేది దానికి ఉత్తరాన, చెక్, పోలండ్, స్లొవేనియా దేశాల్లో నేరుగా ఇంటిపేరుగా ఉన్న నొవాక్ గురించి.

ఈ మూడు దేశాల్లోనూ అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. చెక్ దేశంలో సుమారు 34 వేల మంది మగవాళ్లకు, ఇంచుమించు అంతేమంది ఆడవాళ్లకు ఈ పేరుంది. పోలండ్‌లో దాదాపు 2 లక్షల మందికి ఉంది. స్లొవేనియా చిన్న దేశం, మొత్తం జనాభా 21 లక్షలు, అందులో నొవాక్‌లు 11 వేల దాకా ఉంటారు. లెక్క కట్టి చూడండి: పోలండ్‌లోనూ స్లొవేనియాలోనూ ప్రతి 190 మందికి ఒకరు, చెక్ దేశంలో ప్రతి 150 మందికి ఒకరు. మూడు వేర్వేరు భాషలు, మూడు వేర్వేరు చరిత్రలు, అయినా ఒకే పేరు ముందు వరసలో నిలిచింది. దానికి కారణం ఆ పేరు పుట్టిన పద్ధతిలోనే ఉంది.

పలకడం సంగతి ముందు చూద్దాం. ఇంగ్లీషు రాతలో ఈ పేర్లన్నీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మన లిపిలో హ్రస్వ దీర్ఘాలున్నాయి కాబట్టి తేడా చక్కగా రాసుకోవచ్చు. చెక్ మాట నొవాక్, మొదటి అచ్చు పొట్టిది, రెండోది పొడుగు. పోలిష్ మాట నొవక్, రెండూ పొట్టివే. స్లొవేనియాలో నోవక్, అక్కడ దీర్ఘం ముందుకు జరిగింది. మూడింటిలోనూ ఊనిక మొదటి అక్షరం మీదే. మాట్లాడుకోవడానికి వీలుగా నేను అన్నిటికీ నొవాక్ అనే అంటాను.

ఇక అర్థం. 'నొవ్' అంటే కొత్త. సంస్కృతం 'నవ', లాటిన్ 'నోవుస్', చెక్, పోలిష్, స్లొవేన్ చేరిన స్లావిక్ భాషల 'నొవ్' అన్నీ ఒకే మూలం నుంచి చీలిన మాటలు. సంస్కృతం ద్వారా మనకొచ్చిన నవవధువు, నవీనం అనే మాటల్లో ఉన్నదీ అదే 'నవ'. నవరాత్రుల్లో ఉన్నది మాత్రం తొమ్మిది అనే నవ, దాన్ని కలపకూడదు. 'ఆక్' అనేది మనిషిని సూచించే ప్రత్యయం, మన 'వాడు' లాంటిది. కొత్త నుంచి కొత్తవాడు ఎలా వస్తుందో, నొవ్ నుంచి నొవాక్ అలా వచ్చింది. మన తెలుగు ఇళ్లలోనూ 'కొత్త' అనే ఇంటిపేరు ఉందని మీకు తెలుసు.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి గమనించాలి. కొత్తవాడు అన్న పేరు ఆ మనిషి తనకు తాను పెట్టుకున్నది కాదు, అప్పటికే ఊళ్లో ఉన్నవాళ్లు పెట్టినది. వాళ్లకు అతని పుట్టుపూర్వోత్తరాలతో పనిలేదు. ఊళ్లో యాన్ అనే పేరుగలవాళ్లు ఎనిమిది మంది ఉన్నారు, ఈ యాన్ మొన్న వచ్చాడు, గుర్తుకు 'కొత్త యాన్' అన్నారు. అతను నాలుగు మైళ్ల అవతలి ఊరి నుంచి వచ్చినా కొత్తవాడే, నాలుగు వందల మైళ్ల నుంచి వచ్చినా కొత్తవాడే.

పక్కన పెట్టి చూడటానికి మరో పేరు తీసుకుందాం. క్రొయేషియాలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఇంటిపేరు హొర్వాత్. స్లొవాకియాలో, హంగరీలో కూడా అది బాగా విస్తరించిన పేరే. దాని అర్థం క్రొయేషియావాడు. ఒట్టోమన్ సేనలకు భయపడి 16వ శతాబ్దంలో ఉత్తరానికి తరలిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. హొర్వాత్ అన్న పేరు ఎక్కడివాడో చెబుతుంది. నొవాక్ అన్న పేరు అదేమీ చెప్పదు, వచ్చాడని మాత్రమే చెబుతుంది. అందుకే ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా ఈ పేరు మళ్లీ మళ్లీ పుట్టగలిగింది. ఇద్దరు నొవాక్‌లు ఎదురుపడితే వాళ్లకు చుట్టరికం ఉందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. మన దగ్గర ఒకే ఇంటిపేరు అంటే దాయాదులేమోనని పెళ్లి సంబంధం దగ్గర ఆగుతాం. అక్కడ నొవాక్‌ల అబ్బాయి నొవాక్‌ల అమ్మాయిని చేసుకుంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

అంతమంది కొత్తవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు. చెక్ నేలనే తీసుకుందాం. ఈ పేరు అక్కడ మధ్యయుగం నుంచే ఉంది. తర్వాత 1618 నుంచి 1648 వరకు ముప్పై ఏళ్ల యుద్ధం నడిచింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. యుద్ధం ముగిశాక 1654లో బొహీమియాలో, అంటే చెక్ నేల పడమటి భాగంలో, పన్నుల కోసం ఒక పెద్ద లెక్క తీశారు, దాన్ని బెర్నీ రులా అంటారు. అందులో ఊరూరా పాడుబడిన కమతాలు, కొత్తగా మనుషులు చేరిన కమతాలు విడివిడిగా నమోదయ్యాయి. బీడు పడిన పొలం జమీందారుకు నష్టం, అందుకని ఎవరు దొరికితే వాళ్లను తెచ్చి కూర్చోబెట్టారు. అలా కూర్చున్న ప్రతివాడూ ఆ ఊరికి కొత్తవాడే.

చెక్ పేర్ల వరసలో నొవాక్ మొదటిది, స్వొబొడ రెండోది, నొవొత్నీ మూడోది. స్వొబొడ అంటే స్వేచ్ఛ, వెట్టి లేని రైతుకు ఆ పేరు వచ్చేది. నొవొత్నీ అంటే మళ్లీ కొత్తవాడే! మొదటి మూడింటిలో రెండు పేర్లు కొత్తగా వచ్చినవాళ్లవి. ఇవి చాలక నొవీ, నొవాచెక్, నొవొసాద్ లాంటివి కూడా ఉన్నాయి. నొవాచెక్ అంటే చిన్న నొవాక్, చాలాసార్లు నొవాక్ కొడుక్కి వచ్చిన పేరు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తున్నాను. మనం ఇంటిపేరు అంటాం. ఇంగ్లీషువాళ్లలా కుటుంబం పేరు అనం, ఇంటి పేరు అంటాం. ఆ మాట అక్షరాలా వర్తించేది చెక్, స్లొవేనియా పల్లెల్లోనే. అక్కడ పేరు మనిషిది కాదు, ఇంటిది. ఇల్లు, కొట్టం, పొలం కలిపి ఒక కమతం, దాన్ని చెక్ భాషలో గ్రుంట్ అంటారు. ఆ కమతానికి ఒక పేరుంటుంది. ఎవడు అక్కడ యజమానిగా చేరితే వాడికి ఆ పేరు అంటుకుంటుంది. కొన్నవాడికీ అంతే, ఆ ఇంటి వితంతువును చేసుకున్నవాడికీ అంతే, అల్లుడుగా వచ్చినవాడికీ అంతే. మన ఇల్లరికపు అల్లుడు మామగారింట్లో ఉన్నా సాధారణంగా తన ఇంటిపేరు తనదే. అక్కడ అల్లుడు మారిపోయేవాడు. నిన్నటిదాకా కొవార్జీక్ అయిన మనిషి నొవాక్‌ల కమతంలో అడుగుపెట్టాక నొవాక్ అయ్యేవాడు. స్లొవేన్ భాషలో ఈ పేరును హిష్నొ ఇమే అంటారు, మాటకు మాట మన 'ఇంటి పేరు'. ఆస్ట్రియాలోని కారింథియా ప్రాంతంలో స్లొవేనులు ఈ ఇంటి పేర్లను ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. చర్చి పుస్తకంలో ఒక పేరు, ఊళ్లో పిలిచేది ఇంకో పేరు కావడం అక్కడ వింత కాదు.

కాబట్టి ఈ పేరు రెండు విధాలుగా పెరిగింది. కొత్తవాడు వచ్చి నొవాక్ అనిపించుకోవడం ఒకటి. ఆ ఇంట్లోకి వేరేవాళ్లు వచ్చి, అర్థంతో నిమిత్తం లేకుండా, నొవాక్‌లు కావడం రెండోది. రెండో రకంవాళ్లలో కొందరు పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే.

ఈ కదలికను చట్టం ఆపింది. ఈ నేలల్ని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి రెండో యోసెఫ్ 1786లో ఒక శాసనం చేశాడు: బిడ్డకు తండ్రి ఇంటిపేరే రావాలి, మధ్యలో మారకూడదు. సైన్యానికీ పన్నులకూ మనుషుల లెక్క కుదురుగా ఉండాలన్నది ఉద్దేశం. ఆ రోజున ఎవరు ఏ పేరుతో ఉన్నారో ఆ పేరు అక్కడ గడ్డకట్టింది. పల్లెలు మాత్రం వెంటనే లొంగలేదు. పాత అలవాటు ఇంకొక తరం, కొన్నిచోట్ల రెండు తరాలు సాగింది.

చుట్టాల పేర్లు త్వరగా చెప్పేస్తాను. రష్యాలో నొవిక్ అంటే కొలువులో కొత్తగా చేరిన యువకుడు. అతని సంతతి నొవికొవ్‌లు, అది రష్యాలో బాగా ఎక్కువగా వినిపించే పేర్లలో ఒకటి. జర్మనీ తూర్పు భాగంలో, సోర్బులు అనే స్లావిక్ జాతివాళ్లు ఉండే లుసాటియాలో, నొవాక్ అరిగి నోఆక్ అయింది. కొట్‌బుస్ పట్టణం చుట్టుపక్కల ఆ పేరు విరివిగా దొరుకుతుంది. లిథువేనియాలో నౌయొకస్, జర్మన్లలో నాయ్‌మన్, అన్నీ అదే భావం. దక్షిణాన 16వ శతాబ్దంలో ఒట్టోమన్లతో పోరాడిన స్తారినా నొవాక్ అనే వీరుడున్నాడు. 1601లో ఇప్పటి రొమేనియాలోని క్లూజ్ పట్టణంలో ఆయనకు మరణశిక్ష వేశారు. స్తారినా అంటే ముసలాయన. ముసలి కొత్తవాడు! అప్పటికే పేరులోని అర్థం చెవికి ఆనడం మానేసిందన్నమాట. పేరు ఒకసారి కుదురుకున్నాక ఎవరూ దాన్ని విడదీసి వినరు.

వ్యాకరణం తెలియకపోతే ఈ పేరును పట్టుకోలేం, కాబట్టి అది కొంచెం చూడాలి. చెక్ భాషలో భర్త నొవాక్ అయితే భార్య, కూతురు నొవాకొవా. కుటుంబమంతా కలిపి నొవాకొవి, మనం 'ఫలానా వారు' అన్నట్టు. ఎదురుగా 'నొవాక్ గారూ' అని పిలిస్తే 'పనె నొవాకు', మనం పేరుకు ఉకారం చేర్చినట్టే వినిపిస్తుంది. పోలండ్‌లో ఆడైనా మగైనా నొవక్ ఒకటే, కానీ వాక్యంలో పెట్టినప్పుడు మగవాడి పేరుకు విభక్తులు చేరతాయి, ఆడమనిషి పేరుకు చేరవు. నొవక్‌తో అనడానికి 'నొవకియెమ్' అన్నారా, ఉత్త 'నొవక్' అన్నారా అన్నదాన్ని బట్టి అవతలివాళ్లు మగో ఆడో తెలిసిపోతుంది. పాత రోజుల్లో అక్కడ కూడా భార్యకు నొవకొవ, పెళ్లికాని కూతురికి నొవకూవ్న అని వేర్వేరు రూపాలుండేవి. చెక్ దేశంలో 2022 జనవరి 1 నుంచి ఆడవాళ్లు కావాలనుకుంటే 'ఒవా' లేకుండా నొవాక్ అనే నమోదు చేసుకోవచ్చు. అంతకుముందు దానికి షరతులుండేవి.

ఇక ఆచరణకు వద్దాం. అమెరికాలోనో మరోచోటో ఉన్న ఒక నొవాక్ కుటుంబం తన మూలం వెతుక్కోవాలంటే ఏం చేయాలి? పేరు పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు, వేల నొవాక్‌లలో మునిగిపోతారు. మొదట కావాల్సింది ఊరి పేరు. అమెరికాకు వెళ్లినవాళ్ల విషయంలో ఓడ ప్రయాణికుల జాబితాలు ఉపయోగపడతాయి. 1907 తర్వాతి వాటిలో పుట్టిన ఊరు, స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు ఎవరు అన్న గడులు ఉంటాయి. అంతకుముందువి అయితే దేశం పేరుతో మోసపోవద్దు. 1918 వరకు చెక్, స్లొవేనియా నేలలు ఆస్ట్రియా చక్రవర్తి కిందివి. పోలండ్ 1795 నుంచి 1918 దాకా పటంలోనే లేదు. అక్కడి నొవాక్ తాను చూసిన సరిహద్దును బట్టి రష్యా అనో జర్మనీ అనో ఆస్ట్రియా అనో రాయించి ఉంటాడు. రేవులో అమెరికా గుమాస్తాలు పేర్లు మార్చేశారన్న మాట బాగా ప్రచారంలో ఉంది, అది నిజం కాదు. ఆ జాబితాలు ఓడ బయలుదేరిన రేవులోనే తయారయ్యేవి. పేర్లు మారింది తర్వాత, పనిలో, బడిలో, సొంతంగా.

ఊరు దొరికిందని సంబరపడకముందు ఇంకో జాగ్రత్త. నొవా వెస్ అంటే కొత్త ఊరు, మన కొత్తపల్లి, కొత్తూరు లాంటిది. చెక్ దేశంలో ఆ పేరుతో ఊళ్లు కొల్లలు. నొవా వెస్‌కు చెందిన నొవాక్ అన్నంత మాత్రాన పని జరగదు, జిల్లా పేరో పక్క పట్టణం పేరో ఉండి తీరాలి.

ఊరు ఖాయమయ్యాక చర్చి పుస్తకాలు, అంటే పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు చర్చి రాసిపెట్టినవి. చెక్ ప్రాంతీయ అభిలేఖాగారాలు (ఆర్కైవ్‌లు), అంటే త్రెబొన్య్, ప్ల్జెన్య్, జామ్ర్‌స్క్, లిటొమెర్జిత్సె, బ్ర్నొ, ఒపవ, ప్రాగ్ వంటి చోట్ల ఉన్నవి, వీటిని స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టాయి. పుట్టుక పుస్తకం చివరి నమోదు నుంచి 100 ఏళ్లు, పెళ్లి పుస్తకం 75 ఏళ్లు గడిచాకే బయటికి వస్తుంది. 1784 నుంచి ప్రతి ఊరికీ విడి పుస్తకం, గీతలు గీసిన గడులు. ఒక వరస ఊహించుకోండి: తేదీ, ఇంటి నంబరు 17, బిడ్డ పేరు వాత్స్లవ్, మతం, ఆడా మగా, తల్లిదండ్రులకు పెళ్లయిందా లేదా, తండ్రి యాన్ నొవాక్, పాలేరు, తల్లి అన్నా, ఫలానా ఊరి ఫలానావాడి కూతురు, చివర జ్ఞానపితలు, అంటే బాప్తిస్మం వేళ బిడ్డకు పూచీగా నిలిచినవాళ్లు. ఇందులో మీ కన్ను ముందు పడాల్సింది నొవాక్ మీద కాదు, 17 మీద. ఇళ్లకు నంబర్లు 1770, 71లో సైన్యం లెక్కల కోసం వేశారు. ఆ ఊళ్లో యాన్ నొవాక్‌లు ముగ్గురున్నా 17వ ఇంట్లో ఉన్నది ఒకడే. కొన్ని ఊళ్లలో తర్వాత నంబర్లు మార్చారు, అందుకని భార్య పేరు, ఆమె తండ్రి పేరు, జ్ఞానపితలు కూడా సరిచూసుకోవాలి. ఒకే దంపతుల పిల్లలందరికీ తరచుగా జ్ఞానపితలు ఒకరే ఉంటారు. తండ్రి ఒక బిడ్డ దగ్గర కొవార్జీక్, ఇంకో బిడ్డ దగ్గర నొవాక్ అని ఉండి, ఇల్లూ భార్యా జ్ఞానపితలూ కలిస్తే, అతను ఒకే మనిషి. రెండు పేర్ల మధ్య 'వుల్గొ', 'అలియాస్', 'రెక్టె' అన్న లాటిన్ మాటలు కనిపిస్తే అది కమతం పేరు తాలూకు గుర్తు, దాన్ని దాటిపోవద్దు.

తరచుగా పొరపాటు జరిగేచోట్లు ఇంకొన్ని ఉన్నాయి. 1849 ప్రాంతం దాకా చెక్ భాషలో 'వ' ధ్వనికి డబుల్యూ (w) అక్షరమే రాసేవారు, పోలిష్‌లో ఇప్పటికీ రాస్తున్నట్టు. అది చూసి మా పూర్వీకులు పోలండ్‌వాళ్లని చాలామంది నిర్ణయానికి వచ్చేస్తారు. జర్మన్‌లో రాసిన చర్చి పాదిరి ఆడమనిషిని నొవాకిన్ అని రాసి ఉండొచ్చు, అది వేరే పేరు కాదు. పాత పుస్తకాల సూచికలు చాలావరకు ఇంటిపేరు వరసలో కాక పెట్టిన పేరు వరసలో ఉంటాయి, 'న' కింద వెతికి లేదని మూసేయకండి. పోలండ్‌లో రష్యా ఏలిన భాగంలో 1868 నుంచి పుస్తకాలు రష్యన్‌లోకి మారాయి, అక్కడ నొవక్‌ను సిరిలిక్ లిపిలో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ప్రష్యా, అంటే జర్మనీ, ఏలిన భాగంలో 1874 నుంచి ప్రభుత్వ నమోదు జర్మన్‌లో ఉంటుంది.

1770కి వెనక్కి వెళితే ఇంటి నంబరు ఉండదు. అప్పుడు చర్చిని వదిలి కమతాల పుస్తకాలు తెరవాలి. కమతం ఎవరు ఎవరి దగ్గర కొన్నారు, ధర ఎన్ని కొపలు, బయానా ఎంత, ఏటా కట్టాల్సిన వాయిదా ఎంత అన్నీ అందులో ఉంటాయి. కొప అంటే 60 గ్రోషెన్ నాణేల లెక్క. వాయిదాలు తీరడానికి కొన్నిసార్లు దశాబ్దాలు పట్టేవి, తండ్రి మొదలుపెడితే కొడుకు ముగించేవాడు, అందువల్ల ఒక్క పుట మీదే రెండు మూడు తరాలు కనిపిస్తాయి. ఆ పుట పైకి, మొదటి కొనుగోలు దాకా వెళ్లండి. కొన్నవాడు ఏ ఊరి నుంచి వచ్చాడో అక్కడ రాసి ఉంటే మీ అదృష్టం. ఆ ఊరి పుస్తకాలు తెరిచినప్పుడు మాత్రం నొవాక్ కోసం వెతకొద్దు. అక్కడ అతను కొత్తవాడు కాదు, అతనికి ఇంకేదో పేరుంటుంది. పెట్టిన పేరు, తండ్రి పేరు, ఊరు వదిలిన ఏడాది, ఈ మూడింటితోనే అతన్ని పట్టుకోవాలి.